వాయిదా ఇవ్వని జబ్బు

అమెరికా సుప్రీంకోర్టులో వకీళ్లు నిలబడి వాదించే బల్ల మీద రెండు దీపాలుంటాయి. తెల్లది వెలిగితే ఇంకో ఐదు నిమిషాలున్నట్టు. ఎర్రది వెలిగితే సమయం చెల్లినట్టు. విలియం రెంక్విస్ట్ ప్రధాన న్యాయమూర్తి కుర్చీలో ఉన్న దాదాపు పంతొమ్మిదేళ్లూ ఆ ఎర్రదీపం మాటకు తిరుగు లేదు. ఎంత పేరుమోసిన వకీలైనా సరే, వాక్యం సగంలో ఉన్నా సరే, పైనుంచి ఆయన గొంతు వినపడగానే కాగితాలు సర్దుకుని కూర్చోవలసిందే. మొహమాటం లేదు, మినహాయింపు లేదు. వకీళ్లు గొణుక్కునేవారు గానీ సాటి న్యాయమూర్తులకు ఆ పద్ధతి నచ్చేది. ఉదారవాదులు, సంప్రదాయవాదులు అన్న తేడా లేకుండా, ఆయనతో చాలా తీర్పుల్లో ఏకీభవించనివాళ్లు కూడా కోర్టు నడపడంలో ఇంతటివాడు లేడనేవారు.

అలాంటి మనిషికి గొంతులోనే వచ్చింది.

2004 అక్టోబరు 22న ఆయన్ని మేరీలాండ్ రాష్ట్రం బెథెస్డాలోని నౌకాదళ ఆసుపత్రిలో చేర్చారు. మర్నాడు మెడ ముందుభాగంలో కోసి, శ్వాసనాళంలోకి గొట్టం అమర్చారు. 25న కోర్టు ముక్తసరిగా ఒక ప్రకటన ఇచ్చింది: థైరాయిడ్ క్యాన్సర్ అని తేలింది, నవంబరు 1న కోర్టు మళ్లీ కూర్చునే వేళకు ప్రధాన న్యాయమూర్తి వస్తారు. అధ్యక్ష ఎన్నికలు నవంబరు 2న. నాలుగేళ్ల కిందట బుష్, గోర్‌ల ఎన్నికల తగవు తేల్చిన కోర్టు అది. దేశం ఎన్నికల జ్వరంలో ఉంది కాబట్టి ఆ ప్రకటనను చాలామంది రాజకీయంగానే చదివారు. వైద్యంగా చదివినవాళ్లు కొద్దిమందే. వాళ్లకు మాత్రం ఆ గొట్టం దగ్గరే గుండె గుభిల్లుమంది.

ఎందుకంటే, థైరాయిడ్ క్యాన్సర్ అనగానే వైద్యులు రోగి భుజం తట్టి ధైర్యం చెబుతారు. పదింట ఎనిమిది పాపిల్లరీ రకానివి. నెమ్మదిగా పెరుగుతాయి, ఆపరేషన్ చేసి గ్రంథి తీసేస్తారు, అవసరమైతే రేడియో అయోడిన్ మింగిస్తారు, రోజూ పొద్దున్నే ఒక మాత్ర వేసుకుంటూ మనిషి ముసలితనం దాకా బతుకుతాడు. అలాంటి క్యాన్సర్ ఉన్నవాడికి ఊపిరి ఆడటం కోసం హడావిడిగా గొట్టం పెట్టాల్సిన అగత్యం సాధారణంగా రాదు. గొంతు గట్టిపడి, మాట బొంగురుపోయి, శ్వాసనాళం మీద ఒత్తిడి పడిందంటే ఆ గడ్డ వారాల లెక్కన పెరుగుతున్నదన్నమాట.

నవంబరు 1 వచ్చింది. ఆయన రాలేదు. తొందరగా తిరిగి వస్తాననుకోవడం అత్యాశే అయిందని ఒప్పుకుంటూ, ఇంటి దగ్గరే ఉండి రేడియేషన్, కీమోథెరపీ రెండూ తీసుకుంటున్నానని ఒక ప్రకటన ఇచ్చారు. ఏ రకం క్యాన్సరో అందులో లేదు. ఆ తర్వాతా లేదు. ఆయన పోయాక కూడా కోర్టు చెప్పలేదు. కానీ వైద్యం పేరు చెబితే జబ్బు పేరు సగం చెప్పినట్టే. గ్రంథి తీసేసిన మాట లేదు, రేడియో అయోడిన్ ఊసు లేదు, రేడియేషనూ కీమో కలిపి ఇస్తున్నారు. ఆయన్ని ఎన్నడూ పరీక్షించని వైద్యులు పత్రికలకు ఒకే పేరు చెప్పారు: బహుశా అనాప్లాస్టిక్.

ఆ పేరు ఎక్కడ తేలుతుందో చూడాలంటే కోర్టు వదిలి కాసేపు ల్యాబులోకి వెళ్లాలి. మెడలో గడ్డతో వచ్చినవాళ్లకు ముందుగా చేసే పరీక్షల్లో ఒకటి సన్న సూది పరీక్ష. మన ఆసుపత్రుల్లో దాన్ని ఎఫ్‌ఎన్‌ఏసీ అంటారు. రోగులు ‘గొంతులో సూది గుచ్చి తీశారు’ అంటారు. రక్తం తీసే సూది కంటే సన్నది. మత్తు కూడా ఇవ్వరు చాలాసార్లు. మింగవద్దు, మాట్లాడవద్దు అని చెప్పి, గడ్డను రెండు వేళ్ల మధ్య బిగించి పట్టుకుని, సూదిని లోపల నాలుగైదుసార్లు ముందుకూ వెనక్కూ ఆడించి బయటికి లాగుతారు. సూది మొదట్లో చిక్కుకున్న చుక్క లోపలే గడ్డకట్టేలోగా గాజు స్లైడు మీదికి వదిలి, ఇంకో స్లైడుతో పరుస్తారు. కొన్నింటిని ఆల్కహాల్‌లో ముంచుతారు, కొన్నింటిని గాలికి ఆరనిస్తారు. రంగు వేశాక ఎవరో ఒక పాథాలజిస్టు మైక్రోస్కోపు ముందు కూర్చుంటారు. మనిషి తలరాత అనేది ఎక్కడైనా కంటికి కనిపించేలా ఉందంటే ఆ పలక మీదే ఉంటుంది.

మామూలు పాపిల్లరీ క్యాన్సర్‌ను గుర్తుపట్టడం చేయి తిరిగినవాళ్లకు కష్టం కాదు. కేంద్రకాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి కిక్కిరిసి ఉంటాయి, పాలిపోయి ఉంటాయి, వాటి నడిమిన కాఫీ గింజకున్నట్టు పొడుగాటి గాటు ఉంటుంది. చిక్కంతా అరుదైన రకాల దగ్గర వస్తుంది. టాల్ సెల్ రకంలో కణం వెడల్పుకు మూడింతల పొడుగుంటుంది. అయితే స్లైడు మీద పరిచేటప్పుడు కణాలు ఎటుపడితే అటు పడతాయి, పొడుగు కనిపించకుండా తలకిందులుగా కూర్చుంటాయి. హాబ్‌నెయిల్ రకంలో కేంద్రకం కణం పైకొసకు ఎగబాకి ఉబ్బెత్తుగా కనిపిస్తుంది. పేరుకు ఇవి పాపిల్లరీలే గానీ నడత వేరు, త్వరగా పాకుతాయి. మెడుల్లరీ క్యాన్సర్ వేరే కణాల్లో పుట్టి కాల్సిటోనిన్ అనే హార్మోనును వదులుతుంది. దాన్ని పోల్చుకోగలిగితే రోగి ఒక్కరికే కాదు, వంశంలో వచ్చే జబ్బేమోనని తోబుట్టువులకూ పిల్లలకూ జన్యు పరీక్ష చేయించాల్సి ఉంటుంది. క్రిబ్రిఫార్మ్ మోరులర్ అని మరొకటుంది. మెడలోంచి తీసిన చుక్కలో అది కనిపిస్తే పాథాలజిస్టు పెద్దపేగు చూపించుకోమని రాస్తారు. ఆ గడ్డ తరచుగా పేగునిండా పాలిప్‌లు పుట్టించే జన్యుదోషానికి ముందస్తు కబురు. గొంతులో సూది గుచ్చి పేగు జబ్బు పట్టుకోవడం! ఈ వృత్తిలో ఇలాంటి సొగసులు కొన్ని ఉన్నాయి.

అనాప్లాస్టిక్‌లో సొగసేమీ లేదు. స్లైడు పెట్టగానే ముందు కనిపించేది శిథిలం. చచ్చిన కణాల తుక్కు, దాన్ని తినడానికి వచ్చిన తెల్లకణాలు. వాటి మధ్యన అక్కడొకటి ఇక్కడొకటి మహాకాయాలు. ఒక్కో కణంలో రెండు, మూడు, ఐదు కేంద్రకాలు, ఏ రెండింటికీ పోలిక లేదు. కొన్ని సాగదీసినట్టు కదురు ఆకారంలో ఉంటాయి. కొన్ని విభజన మధ్యలో అడ్డదిడ్డంగా చీలి కనిపిస్తాయి. ఇది క్యాన్సర్ అని చెప్పడానికి చదువు అక్కర్లేదు, వైద్య విద్యార్థి కూడా చెబుతాడు. చెప్పలేనిది ఇది ఎక్కడిదన్నది. ఊపిరితిత్తి నుంచి వచ్చి మెడలో దిగిందా? మెలనోమానా? కండరానిదా? థైరాయిడ్‌దేనా? మామూలు థైరాయిడ్ కణానికి థైరోగ్లోబులిన్ తయారుచేసే పని ఉంది, అయోడిన్‌ను లాక్కునే గుణం ఉంది. ప్రత్యేకమైన రంగు పరీక్షలతో వాటి ఆనవాళ్లు వెతకవచ్చు. అనాప్లాస్టిక్ కణంలో థైరోగ్లోబులిన్ ఉండదు. టీటీఎఫ్-1 అనే గుర్తు చాలావరకు పోయి ఉంటుంది. కొందరిలో పాక్స్-8 ఒక్కటి మిగులుతుంది. కొందరిలో అదీ ఉండదు. అయోడిన్ లాక్కునే గుణం ఎప్పుడో పోయింది కనుకే రేడియో అయోడిన్ దీని మీద పనిచేయదు.

దీనికి తోడు సూదికి రెండు గండాలు. గడ్డ మధ్యకు దిగితే కుళ్లు తప్ప కణం దొరకదు. అంచుల్లోంచి మళ్లీ తీయమని అడగాలి. పీచు కట్టి రాయిలా గట్టిపడ్డ రకమైతే ఎన్నిసార్లు గుచ్చినా నాలుగు కణాలే వస్తాయి, క్యాన్సర్ కాని రీడెల్ వాపు అనుకునే ప్రమాదముంది. అన్నిటికంటే పెద్ద పేచీ లింఫోమాతో. అదీ ముసలివాళ్ల మెడలో ఉన్నట్టుండి పెరుగుతుంది, అదీ ఊపిరికి అడ్డం పడుతుంది, దానికీ కీమో, రేడియేషనే వైద్యం. కానీ లింఫోమా వచ్చినవాళ్లలో చాలామంది బతికి బయటపడతారు. ఒకే మెడ, ఒకే తీరు గడ్డ, ఒకే గొట్టం. తేడా అంతా ఆ చుక్కలోని కణాలు గుంపులుగా ఉన్నాయా విడివిడిగా ఉన్నాయా, వాటి చుట్టూ కణద్రవ్యం ఎంత ఉంది అన్న దగ్గర.

ఆ కణాల చరిత్ర కూడా ఒక పతనమే. చాలా సందర్భాల్లో అనాప్లాస్టిక్ ఉన్నపళాన పుట్టదు. ఏళ్ల తరబడి ఎవరి జోలికీ పోకుండా పడి ఉన్న పాపిల్లరీ గడ్డలోనో పాత గాయిటర్‌లోనో ఒక మూల మొదలవుతుంది. కణాన్ని అదుపులో ఉంచే పీ53 లాంటి జన్యువులు ఒక్కటొక్కటే చెడిపోతాయి. తన పని మరిచి, తన రూపం మరిచి, పెరగడం ఒక్కటే మిగిలిన కణం అది. మొత్తం థైరాయిడ్ క్యాన్సర్లలో ఇది నూటికి ఒకటి రెండే. ఈ క్యాన్సర్ల వల్ల పోయేవారిలో మాత్రం దీని వాటా చాలా ఎక్కువ. మిగతా క్యాన్సర్లకు ఒకటో దశ, రెండో దశ అని మెట్లుంటాయి. దీనికి లేవు. తేలిన రోజే నాలుగో దశ. ఆ రోజుల్లో లెక్క ఏమిటంటే సగంమంది ఐదారు నెలల్లో పోయేవారు, ఏడాది దాటేవారు ఐదింట ఒకరు. అంటే ఈ ఒక్క జబ్బు విషయంలో స్లైడు చదివినవారు పేరుతోపాటు గడువు కూడా చెబుతారు. ప్రాణం నిలబెట్టే శక్తి ఆ చదువుకు లేకపోవచ్చు. మిగిలిన రోజుల్ని ఎలా వాడుకోవాలో తేల్చుకునే వీలు మాత్రం ఇస్తుంది. నా దృష్టిలో అది తక్కువ సాయమేమీ కాదు.

రెంక్విస్ట్ ఆ రోజుల్ని ఎలా వాడుకున్నారు? అప్పటికి ఆయనకు ఎనభై నిండాయి. భార్య నాన్ 1991లోనే అండాశయ క్యాన్సర్‌తో పోయింది. పేకాట అంటే ఇష్టం, పందేలంటే ఇంకా ఇష్టం. ఎన్నికల ఫలితాల మీద తోటి న్యాయమూర్తులతోనే పందెం కాసేవారు. గిల్బర్ట్, సల్లివన్‌ల సంగీత నాటకంలో న్యాయాధికారి వేషం చూసి ముచ్చటపడి, 1995లో తన నల్ల గౌను చేతులకు నాలుగేసి బంగారు పట్టీలు కుట్టించుకున్న సరదా మనిషి. చరిత్ర పుస్తకాలు రాశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఉత్తర ఆఫ్రికాలో వాతావరణ పరిశీలకుడిగా పనిచేశారు. గాలి ఎటు తిరుగుతుందో అంచనా వేయడం కుర్రవాడిగానే నేర్చుకున్నవాడు.

2005 జనవరి 20న బుష్ రెండోసారి ప్రమాణ స్వీకారం. ప్రధాన న్యాయమూర్తి వస్తారా రారా అని వారాల తరబడి చర్చ. వచ్చారు. చలిలో, చేతికర్ర ఊతంతో, ఆఖరు నిమిషంలో మెట్లు దిగి. రాజ్యాంగంలో ప్రమాణం 35 మాటలు. గొంతులో గొట్టం ఉన్నవాడికి ఒక్కో మాటా ఒక్కో బరువు. పగుళ్లిచ్చిన, గాలి ఈలలాడే ఆ స్వరంతో ముక్క ముక్కగా చెప్పించారు. అది ఆయన చేయించిన ఐదో అధ్యక్ష ప్రమాణం. అవగానే మరి నిలవకుండా వెళ్లిపోయారు. ఆ దృశ్యం టీవీలో చూసిన కోట్లమందికి జబ్బు పేరు తెలియకపోయినా సంగతి తెలిసిపోయింది.

మార్చి 21న తిరిగి బెంచి ఎక్కారు. ఐదు నెలల తర్వాత. మళ్లీ అదే ఎర్రదీపం, అదే కరుకుదనం, గొంతు మాత్రం వేరు. వసంతం దాటి వేసవి వచ్చింది. ఇన్నాళ్లు నిలబడ్డారంటే అది అనాప్లాస్టిక్ కాదేమో అనుకున్నవాళ్లూ ఉన్నారు. ఆయన కూడా అనుకున్నారేమో.

ఇక్కడ శాండ్రా డే ఓకానర్ గురించి చెప్పాలి. ఇద్దరూ స్టాన్‌ఫర్డ్ న్యాయ కళాశాలలో సహాధ్యాయులు, కొన్నాళ్లు జంటగా తిరిగారు. 1952లో ఆయన పెళ్లి చేసుకుందామని ఉత్తరం రాస్తే ఆమె కాదన్నది. ఆ ఉత్తరం సంగతి 2018లో గానీ లోకానికి తెలియలేదు. విధి విచిత్రం, ఇద్దరూ సుప్రీంకోర్టులో 24 ఏళ్లు కలిసి కూర్చున్నారు. 2005 నాటికి ఆమె భర్త జాన్‌కు అల్జీమర్స్. ఆమెకు పదవి వదిలి ఆయన దగ్గర ఉండాలని ఉంది. కానీ రెంక్విస్ట్ దిగిపోతారని అందరూ అనుకుంటున్నారు, ఒకేసారి రెండు కుర్చీలు ఖాళీ కావడం కోర్టుకు మంచిది కాదు. అందుకని ఆమె ఆయన్నే అడిగింది. తర్వాత వచ్చిన పుస్తకాలు చెప్పిన ప్రకారం ఆయన జవాబు: ఇంకో ఏడాది ఉందామనుకుంటున్నాను. అయితే నేనే ముందు వెళతాను అన్నది ఆమె. జులై 1న రాజీనామా లేఖ ఇచ్చింది.

జీవితమంతా పందేలు కాసినవాడు కాసిన ఆఖరి పందెం అది. దాన్ని అహంకారం అనడానికి నాకు నోరు రాదు. భార్య లేని ఇల్లు, పిల్లలు ఎవరి బతుకులు వారివి, ముప్పైమూడేళ్లుగా రోజూ వెళ్లే చోటు ఒకటి. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపు ఆయన రోగి కాదు. కానీ ఆ జవాబు చెప్పినప్పుడు ఆయన ముందు మరో మనిషి జీవితం కూడా బల్ల మీద ఉంది. స్లైడు మీద రాసిపెట్టి ఉన్నదాన్ని తను ఒక్కడే భరించాలనుకోవడం ఆయన హక్కు. ఆ గడువును నమ్ముకుని నిర్ణయం తీసుకునేవాళ్లు ఇంకొకరున్నప్పుడు ఆ హక్కు ఎంతవరకు అన్నది నాకు ఇప్పటికీ తెగని ప్రశ్న.

జులైలో విలేకర్లు ఇంటి బయటే కాపు వేసి ఎప్పుడు దిగుతారని అడిగితే, అది నాకు తెలిసిన సంగతి, మీరు కనుక్కోవలసిన సంగతి అని నవ్వుతూ కారెక్కారు. ఆ తర్వాత వారంలోనే జ్వరంతో ఆసుపత్రి. 14న ఇంటికి వచ్చి, రాజీనామా పుకార్లు కట్టిపెట్టండి, ఆరోగ్యం సహకరించినంతకాలం ఉంటాను అని ప్రకటన. సెప్టెంబరు 3 శనివారం రాత్రి ఆర్లింగ్టన్‌లోని ఇంట్లో, పిల్లల మధ్య పోయారు. ఆ వారం దేశమంతా కత్రినా తుపానులో మునిగిన న్యూ ఆర్లీన్స్ వైపు చూస్తోంది. ప్రధాన న్యాయమూర్తి మరణం పత్రికల మొదటి పేజీలో కూడా వరద పక్కన కూర్చోవలసి వచ్చింది.

పదవిలో ఉండగా పోయిన సుప్రీంకోర్టు న్యాయమూర్తి అంతకుముందు 1954లో రాబర్ట్ జాక్సన్. కుర్రతనంలో రెంక్విస్ట్ గుమస్తాగా పనిచేసింది ఆ జాక్సన్ దగ్గరే. లింకన్ శవపేటికను మోసిన వేదికనే తెచ్చి రెంక్విస్ట్ పేటికను దాని మీద ఉంచారు. కోర్టు మెట్ల మీదుగా పేటికను మోసినవారిలో ఆయన దగ్గర గుమస్తాగా చేసిన జాన్ రాబర్ట్స్ ఉన్నాడు. ఓకానర్ స్థానానికి ఎంపికైన రాబర్ట్స్‌ను, గురువు పోయిన రెండో రోజునే బుష్ గురువు కుర్చీకి మార్చాడు. ఆ మెట్ల మీద నిలబడిన ఓకానర్ కళ్లు తుడుచుకుంటున్న ఫోటోలు ఇప్పటికీ ఉన్నాయి.

2007లో, అక్టోబరు 22, 23 తేదీల్లోనే, అదే బెథెస్డా ఊళ్లో, థైరాయిడ్ సూది పరీక్షలు చదివేవాళ్లు పెద్ద సమావేశం పెట్టుకున్నారు. ఒక్కో ల్యాబు ఒక్కో భాషలో రాస్తే సర్జన్లకు అర్థం కావడం లేదని, ఫలితాలన్నిటినీ ఆరు తరగతులు చేశారు. చాలినన్ని కణాలు లేకపోతే ఒకటి, కచ్చితంగా క్యాన్సర్ అయితే ఆరు. చాలినన్ని అంటే కనీసం పదేసి కణాలున్న ఆరు గుంపులు. ఇవాళ హైదరాబాదులో, గుంటూరులో గొంతులో సూది గుచ్చి తీయించుకున్నవారి రిపోర్టులో కూడా బెథెస్డా నాలుగు, బెథెస్డా ఆరు అని ఉండేది ఆ ఊరి పేరే.

అనాప్లాస్టిక్‌కు మందు రావడానికి ఇంకా పదకొండేళ్లు పట్టింది. బీరాఫ్ అనే జన్యువులో ఒక మార్పు పాపిల్లరీ క్యాన్సర్లలో తరచుగా ఉంటుందని 2003లోనే, రెంక్విస్ట్ జబ్బు బయటపడటానికి ముందటి ఏడే, తేలింది. అనాప్లాస్టిక్ గడ్డల్లోనూ నాలుగోవంతు నుంచి సగం దాకా ఆ మార్పు ఉంటుంది. దాన్ని గురిచూసి కొట్టే డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ జంటను అనాప్లాస్టిక్‌కు అమెరికా అనుమతించింది 2018 మేలో. పరీక్షించిన కొద్దిమందిలో సగానికి పైగా రోగుల గడ్డలు కుంచించుకుపోయాయి. ఇప్పుడు సూదితో తీసిన ఆ చుక్కలోంచే బీరాఫ్ పరీక్ష కూడా చేస్తున్నారు. ఇలాంటి గడ్డ అని అనుమానం రాగానే ఒక్క రోజు ఆగకుండా ఆ పరీక్షకు పంపమని అంటున్నారు.

ఓకానర్ వెంటనే ఇంటికి వెళ్లలేకపోయింది. వారసుడు కుదిరేదాకా, 2006 జనవరి 31 దాకా, కూర్చోవలసి వచ్చింది. ఆ ఏడాదే భర్తను సంరక్షణ కేంద్రంలో చేర్చవలసి వచ్చింది. ఆమె కుర్చీలోకి శామ్యూల్ అలిటో వచ్చాడు. గర్భస్రావ హక్కును నిలబెడుతూ 1992లో ఓకానర్ మరో ఇద్దరితో కలిసి రాసిన తీర్పును 2022 జూన్ 24న కోర్టు కొట్టేసింది, ఆ తీర్పు రాసింది అలిటో. ఆ హక్కును మొదట గుర్తించిన 1973 నాటి తీర్పుతో విభేదించిన ఇద్దరు న్యాయమూర్తుల్లో ఒకరు రెంక్విస్ట్.